చదువు ముగిసిన పిమ్మట తొలి సాంకేతికోద్యోగము: రైతు కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులు

సహకార సంఘమునకు అప్పు కోరి వచ్చు సభ్యులు ఒకప్పుడు విత్తనములు, ఎఱువులు, ఎడ్లు, బావి త్రవ్వకము అను నాలుగు కారణములనే చెప్పుచుండిరి. నేడు అయిదవ కారణమొకటి తఱచుగా వినవచ్చుచున్నది. “అబ్బాయి ఇంజనీరింగు ముగించినాడు, ఉద్యోగము కొఱకు కొంత సొమ్ము కావలెను” అనునదియే యా కారణము. ఆ సొమ్ము ఎవరికి, ఎందులకు, ఏ రసీదుపై ఇత్తురని ప్రశ్నించినచో స్పష్టముగా బదులు చెప్పగలవారు అరుదు. పొలము తాకట్టు పెట్టి సంపాదించిన రొక్కము అట్లు రసీదు లేని చేతులలోనికి పోవుట సంఘమునకును, కుటుంబమునకును క్షేమము కాదు. కావున ఈ సంచికలో ఈ విషయమును గూర్చి కొంత వివరముగా వ్రాయ నిశ్చయించితిమి.

హైదరాబాదులో ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929లో నెలకొన్నది. విశాఖపట్టణమున 1946లో ప్రారంభమైన కళాశాల పిదప కాకినాడకు తరలినది. కాకినాడ, అనంతపురము, హైదరాబాదు కళాశాలలను కలిపి 1972లో జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపించిరి. ఆ కాలమున పల్లెటూరి బిడ్డకు కష్టమంతయు కళాశాలలో చోటు దొరకుటయందే యుండెడిది. తరువాత ప్రైవేటు కళాశాలలు వందల కొలది వెలసినవి. 2008 నుండి ఫీజు రీయింబర్సుమెంటు పథకము పేదకుటుంబముల బిడ్డలకు ఆ తలుపులు తెఱచినది. ఇది మేలే. కాని నేడు కష్టము స్థానము మార్చుకొన్నది. చదువులో ప్రవేశించుట కంటె, చదువు ముగించి తొలి పనిలో ప్రవేశించుట కఠినమైనది.

మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట యొక్కటే. తొలి ఉద్యోగము సొమ్మిచ్చి కొనదగిన సరకు కాదు. పనిచేయు నేర్పును చూపి సంపాదింపవలసినది. అందులకు కుటుంబము పెట్టవలసిన పెట్టుబడి ముఖ్యముగా ఒక సంవత్సర కాలము, ఆ కాలమున బిడ్డకు తిండియు, బసయు, ధైర్యమును. కుమారుడైనను, కుమార్తెయైనను ఈ మాట సమానమే.

పట్టా ఏమి చెప్పును, ఏమి చెప్పదు

సంచికి ధ్రువీకరణ చీటి యున్నను తెలివిగల రైతు విత్తనమును నేరుగా చల్లడు. నూఱు గింజలు తడిగుడ్డలో మూటకట్టి, ఎన్ని మొలకెత్తినవో లెక్కించి చూచును. చీటి అబద్ధమని కాదు. చీటి చెప్పునది వేఱు, తన మడిలో మొలచునది వేఱు. పట్టా విషయమును అట్టిదే. ఈ విద్యార్థి ఇన్ని పాఠములు చదివి ఇన్ని పరీక్షలు గెలిచెనని పట్టా సాక్ష్యమిచ్చును. యంత్రము ఆగినప్పుడు ఎక్కడ చెడినదో కనిపెట్టగలడా, లెక్క తప్పినప్పుడు తానే సరిదిద్దుకొనగలడా, పదిమందితో కలిసి పనిచేయగలడా అను ప్రశ్నలకు పట్టాలో జవాబు లేదు. జీతమిచ్చువానికి కావలసినది ఆ జవాబే. అందుచేతనే అతడు మొదట వ్రాతపరీక్ష, తరువాత విషయజ్ఞానమును గూర్చిన ముఖాముఖి, పిదప నడవడిని గూర్చిన సంభాషణ అని మూడు జల్లెడలు పట్టుచున్నాడు.

దీనికి తోడు మఱియొక చిక్కు కలదు. అనుభవము లేనివారికి పనియీయమని కొందఱందురు. పని దొరకనిదే అనుభవము రాదు. ఈ ముడి తెలివి తక్కువ వలన పడినది కాదు. వ్యాపారము మందగించినప్పుడు కంపెనీలు కొత్తవారిని తీసికొనుట మొట్టమొదట తగ్గించును. 2022లో పట్టభద్రులై ఉద్యోగపు ఉత్తరువులు చేతనందుకొనిన అనేక యువకులు పనిలో చేరుటకు నెలల తరబడి, కొందఱు సంవత్సరమునకు మించి వేచియుండవలసి వచ్చెను. కావున బిడ్డకు ఆఱు నెలలలో పని రానంత మాత్రమున చదువు వ్యర్థమని తలంచుట తగదు. ఒక కారు వాన తప్పినంతనే పొలము చెడ్డదని అందుమా?

తొలి ఉద్యోగమునకు త్రోవలు

మొదటి త్రోవ కళాశాలయందే జరుగు ఎంపిక. కడపటి సంవత్సరమున కంపెనీలవారు వచ్చి పరీక్షలు జరిపి కొందఱిని ఎన్నుకొందురు. నగరమునకు దగ్గఱగా నున్న కళాశాలలకు వచ్చునంత మంది దూరపు కళాశాలలకు రారు. ఇందు ఎన్నిక కానివారు కంపెనీలకు స్వయముగా దరఖాస్తులు పెట్టుకొనవలెను. పది దరఖాస్తులు పెట్టి జవాబు రాలేదని విసిగినవారు పెక్కండ్రు. ఏ కంపెనీ ఏ పని చేయునో తెలిసికొని, దానికి తగినట్లు వ్రాసి, వారమునకు కొన్ని చొప్పున విడువక పంపుచుండవలెను.

రెండవ త్రోవ అప్రెంటిసు శిక్షణ. పల్లెవాసులకు దీనిని గూర్చి తెలిసినది స్వల్పము, ఉపయోగము అధికము. 1961 అప్రెంటిసు చట్టము మొదట చేతిపనుల వారికే వర్తించెను. 1973 సవరణ వలన ఇంజనీరింగు పట్టభద్రులకును, డిప్లొమావారికిని వర్తింపజేసిరి. 2014 సవరణతో ఇతర పట్టభద్రులకును చోటు కలిగినది. శిక్షణ పట్టభద్రులకు సాధారణముగా ఒక సంవత్సరము. 2019 నిబంధనల ప్రకారము 30 మందికి తక్కువ కాని ఉద్యోగులు గల సంస్థ తన బలములో నూటికి 2.5 నుండి 15 వఱకు అప్రెంటిసులను తీసికొనవలెను. ఆ నిబంధనలలోనే పట్టభద్రునకు నెలకు 9,000 రూపాయలు, డిప్లొమావానికి 8,000 రూపాయలు కనిష్ఠపు స్టైపెండుగా నిర్ణయించిరి. జాతీయ పథకము క్రింద ఈ కనిష్ఠములో సగము కేంద్రప్రభుత్వము భరించును. దక్షిణ రాష్ట్రములకు సంబంధించిన అప్రెంటిసు శిక్షణ మండలి చెన్నపట్టణమున నున్నది. పేరు నమోదు అంతర్జాలముననే జరుగును. దళారి యక్కఱ లేదు.

ఈ శిక్షణ ముగిసిన పిమ్మట అదే సంస్థ ఉద్యోగమీయవలెనను నిర్బంధము సాధారణముగా లేదు. ఈ సంగతి ముందే ఎఱిగియుండుట మంచిది. ఐనను సంవత్సరము ముగియునప్పటికి శిక్షణార్థి చేతికి ప్రభుత్వము గుర్తించిన పత్రమొకటి వచ్చును. యంత్రశాలలో ఉదయము నుండి సాయంకాలము వఱకు పనియెట్లు నడచునో తెలియును. అతనిని ఎఱిగిన ఇంజనీర్లు నలుగురుందురు. అనుభవము లేదను ఆక్షేపణకు ఇదియే సమాధానము. స్టైపెండు స్వల్పమని దీనిని త్రోసిపుచ్చి, సంవత్సరమంతయు ఇంట కూర్చుండినవాడు మఱుసటి ఏడును మొదటి మెట్టునందే యుండును.

మూడవ త్రోవ ప్రభుత్వ పరీక్షలు. గేట్ అను పరీక్షను ఐ.ఐ.టి.లును, బెంగుళూరు విజ్ఞాన సంస్థయు కలిసి ఏటేటా ఫిబ్రవరి ప్రాంతమున జరుపును. మూడు గంటలు, నూఱు మార్కులు. దానిలో వచ్చిన స్కోరు మూడు సంవత్సరములు చెల్లును. పై చదువులకే గాక, కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు తమ ఇంజనీర్ల నెంపికకును దీనిని ఆధారముగా గొనుచుండును. ఇవి గాక రైల్వేలలో జూనియరు ఇంజనీరు పదవులు, రెండు రాష్ట్రముల సర్వీసు కమిషనుల ద్వారా భర్తీయగు సహాయక ఇంజనీరు పదవులు కలవు. ఐతే ఈ ప్రకటనలు ఏటేటా వెలువడునను నమ్మకము లేదు. ఒక్కొక్కప్పుడు సంవత్సరములు గడచును. కావున ఈ త్రోవనే నమ్మి వేఱు పని మాని కూర్చుండుట, కాలువ నీరు వచ్చునని బావి పూడ్చుకొనుట వంటిది. పనిచేయుచు చదువుట యుత్తమము.

నాలుగవ త్రోవ చిన్న కర్మాగారములు. విజయవాడ ఆటోనగరు, విశాఖపట్టణపు ఆటోనగరు, హైదరాబాదులో బాలానగరు, జీడిమెట్ల, చర్లపల్లి ప్రాంతములలో చిన్నవి, మధ్యరకమువి పెక్కు గలవు. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలోను, శ్రీసత్యసాయి జిల్లాలో 2019 నుండి కార్లు తయారగుచున్న పెనుకొండ పరిసరములలోను పెద్ద పరిశ్రమలును, వానికి విడిభాగములు చేయునవియు నున్నవి. యంత్రశాస్త్రము, విద్యుచ్ఛాస్త్రము చదివినవారు ఈ చోట్లను మొదట చూడవలెను. “నాలుగేండ్లు చదివి నూనెగుడ్డలు పట్టుటయా?” అని బంధువులు ఎగతాళి చేయుదురు. చిన్న కర్మాగారములో ఒక్కడే నాలుగు పనులు చూడవలసి వచ్చును. కనుకనే ఏడాదిలో నేర్చునది అధికము.

చేతిపని చూపుట

ఏ త్రోవను పోయినను ముఖాముఖిలో వినబడు ప్రశ్న యొకటి కలదు: “నీవు స్వయముగా చేసినదేమి?” పెక్కుమంది విద్యార్థులు కడపటి సంవత్సరపు ప్రాజెక్టును అంగడిలో కొని సమర్పింతురు. దానిపై రెండు ప్రశ్నలు వేయగానే నోరు పెగలదు. రైతు బిడ్డకు ఈ విషయమున లోటు లేదు. అతని ఇంటి చుట్టును కొలువదగిన పనులే. ఉదాహరణకు ఒక్కదానిని వివరింతుము.

మన బావిమీది మోటారు తినుచున్న కరెంటులో ఎంతపాలు నీరెత్తుటకు పోవుచున్నదో కనుగొనవచ్చును. 200 లీటర్ల పీపాను గొట్టము క్రింద నుంచి, అది నిండుటకు పట్టు కాలము చూడవలెను. 25 సెకనులు పట్టినచో సెకనుకు 8 లీటర్లు. బావిలోని నీటిమట్టము నుండి గొట్టపు నోటివఱకు గల ఎత్తు 20 మీటర్లనుకొందము. 8ని 20తో హెచ్చించి, దానిని భూమ్యాకర్షణ సంఖ్యయగు 9.81తో హెచ్చించినచో సుమారు 1,570 వాట్లు వచ్చును. ఇది నీటికి అందిన శక్తి. మీటరు పెట్టి చూడగా మోటారు 4,000 వాట్లు తీసికొనుచున్నచో, నూటికి 39 పాళ్లే నీటికి చేరుచున్నవి. తక్కినది మోటారు వేడిలోను, ఇరుకు గొట్టముల ఒరపిడిలోను, అఱిగిన పంపు ఱెక్కలలోను, చెడిన ఫుట్ వాల్వులోను పోవుచున్నదన్నమాట.

ఇక విద్యార్థి ఫుట్ వాల్వు మార్పించి, లేదా ఇరుకు గొట్టము తీసి వెడల్పుది వేయించి, తిరిగి కొలిచి, ముందు వెనుకల అంకెలను ఒక కాగితముపై వ్రాసినచో, అది కొనివచ్చిన పది ప్రాజెక్టులకంటె విలువైనది. “ఎత్తు ఎట్లు కొలిచితివి? కొలతలో తప్పు ఎంత యుండవచ్చును? వోల్టేజి తగ్గినచో ఏమగును?” అని ఎన్ని ప్రశ్నలు వేసినను తాను చేసినవాడు తడబడడు. మోటారు కడ ఈ పరీక్ష చేయునప్పుడు కరెంటు తీగలను తెలిసినవానిచేతనే పట్టింపవలెను. నేర్చుకొను తొందరలో ప్రాణమునకు ముప్పు తెచ్చుకొనరాదు.

కంప్యూటరు విద్య చదివినవారు పాలకేంద్రములో సభ్యుల లీటర్లు, వెన్నశాతము వ్రాసికొని చెల్లింపును లెక్కగట్టు చిన్న ప్రోగ్రాము వ్రాయవచ్చును. నెల దినములు దానిని చేతిపుస్తకముతో సరిచూచి, ఎన్నిచోట్ల తప్పినదో, ఏల తప్పినదో వ్రాసియుంచవలెను. సివిలు చదివినవారు పంటబోదెకు మట్టములు తీయవచ్చును. కళ్లపు గచ్చుకు సిమెంటు, ఇసుక, కంకర ఎంత పట్టునో అంచనా వేసి, వాస్తవముగా పట్టిన దానితో పోల్చవచ్చును. మన సంఘపు లెక్కలును, గిడ్డంగియు ఇట్టి అభ్యాసమునకు పనికివచ్చును. సభ్యుల వివరములు బయటపడకుండ చేయదలచినచో పాలకవర్గము అనుమతి నీయవచ్చునని మా యభిప్రాయము.

దరఖాస్తును, ముఖాముఖియు

కొత్తవాని దరఖాస్తు ఒక్క పుట మించరాదు. పేరు, చదువు, మార్కులు, చేసిన పనులు, తెలిసిన పనిముట్లు—ఇంతే. “కష్టపడి పనిచేయువాడను, త్వరగా నేర్చుకొనువాడను” అను పొగడ్తలను ప్రతివాడును వ్రాయును. కనుక వానికి విలువ లేదు. “మా బావి పంపు సామర్థ్యమును కొలిచి, నూటికి 39 నుండి ఇంతకు పెంచితిని” అని వ్రాసినవానిని పిలిచి మాటలాడవలెనను కోరిక కలుగును. తనకు రాని విద్యను వచ్చునని వ్రాయరాదు. ముఖాముఖిలో మొదటి ప్రశ్న దానిమీదనే పడును.

తెలుగు మాధ్యమమున చదివినవారికి ఇంగ్లీషులో మాటలాడుట భయము. ఆ భయము పోవుటకు పెద్ద పుస్తకములు అక్కఱలేదు. తాను చేసిన పనిని గూర్చి అయిదు నిమిషములు చిన్న చిన్న వాక్యములతో చెప్పుట దినదినమును అభ్యసింపవలెను. వినుటకు ఇంటిలో చెల్లెలైనను చాలును. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పి, తెలిసిన మేరకు ఆలోచించి చూపుట తప్పుకాదు. పరీక్షించువారు చూచునది జవాబును మాత్రమే కాదు, ఆలోచించు తీరును గూడ. వ్రాతపరీక్షలలో సామాన్య గణితము, తర్కము తప్పక యుండును. ఆఱేడు తరగతుల నాటి నిష్పత్తులు, శాతములు, కాలము–పని లెక్కలు దిద్దుకొనకపోవుటచేతనే పెక్కుమంది మొదటి జల్లెడలో రాలిపోవుదురు.

శిక్షణాలయములు, దొంగ పత్రములు

హైదరాబాదులో అమీరుపేట శిక్షణాలయములకు పేరుపడినది. అక్కడ కొన్ని వారములలో ఒక కంప్యూటరు విద్య నేర్పుదురు. నేర్చుకొనుటలో తప్పులేదు. కాని రుసుము చెల్లించుటకు ముందు మూడు సంగతులు చూడవలెను. మొదటిది, ఒకటి రెండు పాఠములు ఊరక కూర్చుండి వినుట. రెండవది, పాఠము వినుటయే గాక స్వయముగా చేయు అభ్యాసము దినమునకు ఎన్ని గంటలో యడుగుట. మూడవది, గత తరగతిలో చదివినవారితో బయట కలిసి మాటలాడుట. “ఉద్యోగము గ్యారంటీ” అని చెప్పువారిని ఆ గ్యారంటీ కాగితముపై వ్రాసి సంతకము పెట్టుడని అడుగవలెను. పెట్టకున్నచో ఆ మాటకు విలువ కట్టరాదు.

వీరిలో కొందఱు రెండు మూడేండ్ల అనుభవమున్నట్లు దొంగ పత్రములు సిద్ధపఱతురు. “అందఱును చేయుచున్నారు” అని పిల్లలును నమ్ముదురు. ఇది గోతిలో దూకుట. పెద్ద కంపెనీలు వెనుకటి ఉద్యోగమును విచారింతురు. నిజముగా పనిచేసినచోట భవిష్యనిధి జమ యున్నచో ఆ లెక్క ప్రభుత్వ పుస్తకములలో నిలిచియుండును. పని చేయనివానికి ఆ లెక్క యుండదు. చేరిన ఆఱు నెలలకు గాని, ఏడాదికి గాని బయటపడినచో ఉద్యోగము పోవును. ఆ మచ్చ తరువాతి ఉద్యోగమునకును అడ్డువచ్చును. దొంగ పత్రము సృష్టించుటయు, తెలిసి వాడుటయు 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత క్రింద నేరములే.

సొమ్ము అడుగువారు

తిన్నని కంపెనీ యేదియు ఉద్యోగమిచ్చుటకు అభ్యర్థి నుండి సొమ్ము తీసికొనదు. ప్రభుత్వ పరీక్షలకు ప్రకటనలో ముద్రించిన దరఖాస్తు రుసుము తప్ప మఱేమియు లేదు. “దొడ్డిదారి” అనియు, “లోపల మా మనిషి యున్నాడు” అనియు, “పూచీసొమ్ము కట్టిన పిదప ల్యాప్‌టాపు పంపుదురు” అనియు చెప్పువారందఱును ఒక్క కోవవారే. వీరి గుఱుతులు స్పష్టము: పరీక్ష లేదు, ముఖాముఖి లేదు, తొందర మెండు, సొమ్ము ఒక మనిషి సొంత ఖాతాకు పోవలెను, రసీదు లేదు. ఉత్తరువు వచ్చినచో దానిపై గల కంపెనీ పేరును ఆ కంపెనీవారినే విచారింపవలెను. ఉత్తరువులో ముద్రించిన ఫోనుకు గాక, వేఱుగా కనుగొన్న ఫోనుకు మాటలాడవలెను.

విదేశోద్యోగమన్నచో మఱింత జాగ్రత్త కావలెను. 1983 వలసల చట్టము క్రింద విదేశములకు పనివారిని పంపు ఏజెంటు కేంద్రప్రభుత్వము వద్ద రిజిస్టరై యుండవలెను. అతడు తీసికొనదగిన సేవారుసుము 30,000 రూపాయలకును, దానిపై పన్నుకును మించరాదని నిబంధన. లక్షలు అడుగువాడు అక్కడనే చట్టమును మీఱినవాడు. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిన వ్యవహారములో, డేటా ఎంట్రీ పని యని నమ్మించి మన యువకులను కాంబోడియాకు చేర్చి, అక్కడ నిర్బంధించి, ఫోనులో మోసములు చేయు పని చేయించిరి. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దు నుండి అట్లే చిక్కుకొన్న 500 మందికి పైగా భారతీయులను విమానములలో తిరిగి తీసికొనివచ్చిరి. వారిలో తెలుగువారు నుండిరి. చదువుకొన్న బిడ్డలే ఈ వలలో పడిరి. పని వీసా గాక విహారయాత్ర వీసాపై పోయి చేరుమనువానిని ఎన్నడును నమ్మరాదు. ఫోను ద్వారా గాని, అంతర్జాలము ద్వారా గాని సొమ్ము పోయినచో వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. తొలి గంటలలో చెప్పినచో సొమ్మును ఆపుటకు వీలు ఎక్కువ.

ఒప్పందమును, అసలు పత్రములును

కొన్ని కంపెనీలు శిక్షణ నిచ్చి, ఇన్ని సంవత్సరములు విడువక పనిచేయవలెననియు, ముందుగా పోయినచో ఇంత సొమ్ము చెల్లింపవలెననియు వ్రాయించుకొనును. ఇట్టి ఒప్పందములు చెల్లవని కొందఱు చెప్పుమాట నిజము కాదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు విషయమున, మూడు సంవత్సరములు పనిచేయకపోయినచో 2 లక్షల రూపాయలు చెల్లింపవలెనను షరతును సమర్థించినది. ఐతే 1872 కాంట్రాక్టు చట్టపు 74వ సెక్షను ప్రకారము వ్రాసికొన్న మొత్తము పైహద్దు మాత్రమే. న్యాయమైన నష్టపరిహారమునకు మించి రాబట్టుటకు వీలులేదు. కావున సంతకమునకు ముందు కాలము, మొత్తము, జీతము, పనిచేయు ఊరు—ఈ నాలుగును చదివి, ఒక ప్రతిని ఇంట నుంచుకొనవలెను.

అసలు పట్టాను, మార్కుల పత్రములను ఎవరికిని ఒప్పగింపరాదు. చూపవలెను, నకలు ఈయవలెను, అసలు వెనుకకు తీసికొనవలెను. ఫీజు బాకీయని కళాశాలలు పత్రములు పట్టియుంచిన ఫిర్యాదులు పెక్కు. అసలు పత్రములను కళాశాలలు ఉంచుకొనరాదని యు.జి.సి. 2018లో స్పష్టముగా ఉత్తరువు చేసినది. ఉద్యోగము వచ్చిన దినమున పత్రము లేక అవకాశము జాఱిపోకుండ, చదువు ముగిసిన నెలలోనే వీనిని చేతికి తెచ్చుకొనుట మంచిది.

అప్పుల లెక్క

పంటఋణమును ఉద్యోగపు ఖర్చునకు మళ్లించుట రెండువిధముల నష్టము. 2025–26లో అమలునందున్న పథకము ప్రకారము, 3 లక్షల వఱకు పంటఋణముపై వడ్డీ నూటికి 7. గడువులోపల తీర్చినవారికి 3 రాయితీ పోగా 4 మాత్రమే పడును. లక్షరూపాయలపై ఏడాదికి 4,000 కట్టవలసినవాడు గడువు తప్పినచో 7,000 కట్టవలెను. గడువు దాటిన పిమ్మట ఈ రాయితీ వడ్డీయు నిలువదు. మఱుసటి కారునకు విత్తనములు కొనుటకు అప్పు పుట్టదు. ఇది రెండవ నష్టము, మొదటిదానికంటె పెద్దది.

చదువు కొఱకు తీసికొన్న బ్యాంకు ఋణము వేఱు. 4 లక్షల వఱకు తాకట్టు కోరరాదని రిజర్వుబ్యాంకు నిబంధన. మాదిరి పథకములో చదువు ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము వఱకు వాయిదాలు మొదలు కావు. మేము పైని చెప్పిన “ఒక సంవత్సరపు కాలము” ఇక్కడ సరిపోవుచున్నదని చదువరులు గమనింతురు గాక. ఐతే ఆ కాలమున వడ్డీ మాత్రము పెరుగుచునే యుండును. 3 లక్షలపై నూటికి 10 చొప్పున వడ్డీయైనచో ఏడాదికి 30,000. అప్రెంటిసు స్టైపెండు నుండి నెలకు 2,500 కట్టినచో ఈ భారము పెరుగక నిలుచును. వాయిదా కట్టలేని స్థితి వచ్చినచో బ్యాంకునకు మొగము చాటు చేయక, ముందే పోయి గడువు కోరవలెను. ఋణచరిత్ర చెడినచో తరువాతి అప్పులకు అది ఆటంకమగును.

సంవత్సరపు పంచాంగము

పరీక్షలు ముగియు వేళకు ఇంచుమించుగా రోహిణికార్తె వచ్చును. సేద్యమునకు వలెనే దీనికిని ఒక క్రమము ఏర్పఱచుకొనవచ్చును. మృగశిర నాటికి పత్రములన్నియు చేతికి తెచ్చుకొని, అప్రెంటిసు శిక్షణకు పేరు నమోదు చేయవలెను. శ్రావణము ముగియులోపల చేతిపని యొకటి పూర్తిచేసి, ఒక్కపుట దరఖాస్తు సిద్ధము చేయవలెను. దసరా వఱకు వారము విడువక దరఖాస్తులు పంపుచు, లెక్కలును, మాటలాడుటయు అభ్యసింపవలెను. గేట్ వ్రాయదలచినవారు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ప్రకటన కొఱకు చూచుకొనవలెను. సంక్రాంతికి ఏమియు దొరకకున్నచో జీతము స్వల్పమైనను చిన్న కర్మాగారమునగాని, శిక్షణలోగాని చేరవలెను. ఉగాది నాటికి ఖాళీగా కూర్చుండియుండరాదు, ఇదియే హద్దు.

ఇంటిపెద్దలకు ఒక మాట. ప్రతిదినము “ఉద్యోగమేమాయెను?” అని అడుగుటవలన ఉద్యోగము త్వరపడి రాదు; బిడ్డ నిజము చెప్పుట మానివేయును. బేరగాని మాట చెవికెక్కునది ఆ స్థితిలోనే. “ఈ వారము ఎన్నింటికి వ్రాసితివి? ఎక్కడ ఆగిపోతివి? దానికేమి కావలెను?” అని అడిగినచో ఫలము కలుగును. కుమార్తెల విషయమున, తొలి ఉద్యోగము దూరపు ఊరిలోనని మాన్పించుటకు ముందు తల్లిదండ్రులు స్వయముగా పోయి బస, పనిచోటు చూచి రావలెను. చదివించిన ఖర్చు ఇద్దఱికి నొకటియే. పనిచేయు హక్కును ఒకటియే.

ఇట్టి అప్పు కోరుచు వచ్చు సభ్యులు ఉద్యోగపు ఉత్తరువును, సొమ్మడుగువాని పత్రములను వెంట తెచ్చి సంఘ కార్యాలయములో చూపవలెనని కోరుచున్నాము. చదివిచూచి సందేహములు చెప్పుటకు సంఘమునకు ఖర్చు లేదు. సభ్యునకు ఎకరము నిలువవచ్చును. మన గ్రామములనుండి పోయి ఉద్యోగములలో కుదురుకొన్న యువకులు పండుగలకు వచ్చినప్పుడు ఒక గంట కార్యాలయమున కూర్చుండి, తమ తరువాతివారికి త్రోవ చెప్పవలెనని వారిని గూడ ప్రార్థించుచున్నాము.

నారు పోసిన దినముననే కోత కోయువాడు లేడు. నాలుగేండ్లు చదివించిన కుటుంబము అయిదవ ఏడు ఓర్పుతో నిలిచినచో బిడ్డకు పనియు, ఇంటికి పొలమును రెండును దక్కును.